రంగుల గాజు కిటికీ: చెయ్యి వేసే ముందు చిత్రం తీయాలి

ఇంగ్లండ్‌లోని క్యాంటర్‌బరీ కేథడ్రల్‌లో నాతాను ప్రవక్త బొమ్మ ఉన్న రంగుల గాజు కిటికీ ఒకటి ఉంది. 1174 సెప్టెంబర్‌లో ఆ చర్చిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాలిపోయిన భాగాన్ని తిరిగి కట్టినప్పుడే ఈ వరుసలోని కిటికీలన్నీ చేశారని చాలాకాలం అనుకున్నారు. మడలిన్ కేవినెస్ అనే కళాచరిత్రకారిణి మాత్రం వీటిలో కొన్ని బొమ్మల గీత తీరు అంతకంటే పాతదిగా ఉందని 1980లలోనే చెప్పారు. అయితే అది కంటితో చూసి చెప్పిన మాట. కాబట్టి అభిప్రాయంగానే ఉండిపోయింది.

2021లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు, కేథడ్రల్ గాజు విభాగం వారు కలిసి చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. చేతిలో పట్టుకునే ఎక్స్-రే పరికరంతో వాళ్ళు ఆ గాజు కూర్పును కొలిచారు. నాతానుతో పాటు మరికొన్ని బొమ్మల గాజు 1130 నుంచి 1160 మధ్య కాలానిదని తేలింది. అంటే 1170 డిసెంబర్ 29న అదే చర్చిలో ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్‌ను హత్య చేసేనాటికే ఆ గాజు అక్కడ ఉంది. నాలుగేళ్ళ తర్వాతి మంటలనూ తట్టుకుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఒక్క ముక్కను కూడా విరవలేదు, గీకలేదు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనిపించవచ్చు. కానీ మెదక్ చర్చిలో, మైసూరు ప్యాలెస్‌లో, ముంబై పాత భవనాల్లో మనం తలెత్తి చూసేది కూడా ఇలాంటి గాజే. అది పాడైనప్పుడు ముందు ఎవరిని పిలవాలి? మేస్త్రీనా, ఫోటోగ్రాఫర్‌నా? ఫోటోగ్రాఫర్‌నే అని మేము ఎందుకు అంటున్నామో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

కిటికీలో ఏముంటుంది?

రంగుల గాజు కిటికీ ఒకే పెద్ద అద్దం మీద రంగులు వేసి చేసింది కాదు. అది వందలాది చిన్న గాజు ముక్కల కూర్పు. ముక్కల మధ్య సీసం పట్టీలు ఉంటాయి. పట్టీకి రెండు వైపులా గాడి ఉంటుంది, ముక్క అంచు అందులో కూర్చుంటుంది. పట్టీలు కలిసేచోట టంకం వేస్తారు. ఇలా తయారైన పలకలను ఇనుప కమ్మీల ఆధారంతో రాతి చట్రంలో నిలబెడతారు.

రంగు చాలావరకు గాజు కరిగి ఉన్నప్పుడే అందులో కలుస్తుంది. నీలానికి కోబాల్ట్, ఎరుపుకు రాగి, ఊదాకు మాంగనీస్. రాగి ఎరుపు చాలా చిక్కగా వస్తుంది. గాజంతా అదే అయితే వెలుగు దూరదు కాబట్టి తెల్ల గాజు మీద పల్చటి ఎర్ర పొరగా వేసేవారు. 1300 ప్రాంతం నుంచి వెండి సమ్మేళనాలు పూసి, కాల్చి, పసుపు రంగు తెప్పించడం మొదలైంది.

ముఖాలు, వేళ్ళు, బట్టల మడతలు మాత్రం గీసినవే. గాజు పొడిలో ఇనుము లేదా రాగి భస్మం కలిపి, నల్లటి రంగుగా నూరి, కుంచెతో గీసి, ఆరు వందల డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాల్చేవారు. ఆ వేడికి గీత గాజులో అతుక్కుంటుంది. సరిగ్గా కాలకపోతే కొన్నేళ్ళకు రాలిపోతుంది. గీత రాలితే బొమ్మకు కళ్ళు, ముక్కు ఉండవు. రంగు గాజు మాత్రమే మిగులుతుంది.

ఎందుకు పాడవుతుంది?

మధ్యయుగాల్లో ఉత్తర యూరప్‌లో గాజును ఇసుకతో, బీచ్ వంటి చెట్ల కట్టెల బూడిదతో చేసేవారు. బూడిద వల్ల అందులో పొటాషియం ఎక్కువ. అలాంటి గాజు తడికి ఆగదు. నీరు తగిలిన చోట పొటాషియం, కాల్షియం మెల్లగా బయటికి వస్తాయి. పైభాగం గుంటలు పడుతుంది. గాలిలో బొగ్గు పొగ నుంచి వచ్చిన గంధకం కలిస్తే జిప్సం వంటి తెల్లటి పెచ్చు కడుతుంది. గాజులోని మాంగనీస్ కాలక్రమంలో మారి గోధుమరంగు మచ్చలు వస్తాయి. అప్పుడు వెలుగు లోపలికి రాదు.

19వ శతాబ్దం తర్వాత చేసిన గాజు సాధారణంగా ఇంతకంటే గట్టిది. మన దేశంలో ఉన్నది చాలావరకు ఆ తర్వాతి గాజే. దానికి వచ్చే కష్టాలు వేరు. సీసం పట్టీలు అలసి పలక వంగుతుంది. ఇనుప కమ్మీ తుప్పుపట్టి ఉబ్బి రాతిని, గాజును నొక్కుతుంది. గీసిన రంగు రాలుతుంది. అన్నిటికంటే ఎక్కువ హాని మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతుల వల్ల వస్తుంది. పగిలిన ముక్క స్థానంలో బజారులో దొరికిన రంగు అద్దం పెట్టి, పాత ముక్కను పారేస్తే ఇక ఏది అసలుదో చెప్పేవారుండరు.

మామూలు ఫోటో ఎందుకు చాలదు?

గోడ మీద బొమ్మను ఫోటో తీయడానికి దానిపై పడి తిరిగి వచ్చే వెలుగు చాలు. గాజు అలా కాదు. అది వెలుగు తనలోంచి దాటినప్పుడే బొమ్మగా కనిపిస్తుంది. అందుకే నిపుణులు ప్రతి పలకకు కనీసం రెండు చిత్రాలు తీస్తారు. వెనుక నుంచి వెలుగు వచ్చేటప్పుడు ఒకటి. ఇందులో రంగులు, గీతలు, పగుళ్ళు తెలుస్తాయి. ముందు నుంచి వెలుగు పడేటప్పుడు మరొకటి. ఇందులో పెచ్చులు, దుమ్ము, పట్టీల స్థితి, పాత అతుకులు తెలుస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నల్లమచ్చ గీసిన గీతా, పేరుకున్న మురికా అన్నది తేలుతుంది. మురికి అనుకుని గీతను తుడిచేసిన సందర్భాలు లోకంలో తక్కువేమీ కాదు.

మూడో చిత్రం కూడా ఉంది. దీపాన్ని పక్క నుంచి, గాజుకు దాదాపు ఆనించి వెలిగిస్తే చిన్న ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. గీత రాలిపోయిన చోట కూడా, అది ఉన్నన్నాళ్ళు కింది గాజును కాపాడింది కాబట్టి, ఆ మేర పైభాగం వేరుగా ఉంటుంది. అలా రాలిపోయిన కళ్ళు, కనుబొమల జాడ మళ్ళీ దొరుకుతుంది.

ఇక్కడ కెమెరాకు ఒక చిక్కు ఉంది. తెల్ల గాజులోంచి వచ్చే వెలుగుకు, ముదురు నీలంలోంచి వచ్చే వెలుగుకు చాలా తేడా. ఒకదానికి సరిచేస్తే రెండోది తెల్లబోతుంది లేదా నల్లబడుతుంది. అందుకే ఒకే చోటు నుంచి వేర్వేరు ఎక్స్‌పోజర్లతో అనేక ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు.

కంటికి అందని వెలుగు

అతినీలలోహిత కిరణాల కింద కొన్ని పదార్థాలు వాటంతట అవే మెరుస్తాయి. పగులు అతికించడానికి వాడిన రెసిన్ ఒక రకంగా మెరిస్తే, మాంగనీస్ ఉన్న గాజు ఆకుపచ్చగా మెరవవచ్చు. పగటిపూట ఒకేలా కనిపించే రెండు ముక్కలు చీకట్లో ఈ దీపం కింద వేరుపడతాయి. ఏ ముక్క తర్వాత పెట్టిందో అనుమానించడానికి ఇది తేలికైన మొదటి మెట్టు.

దీనికంటే లోతుగా చెప్పేది హైపర్‌స్పెక్ట్రల్ ఇమేజింగ్. మామూలు కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు లెక్కలు రాసుకుంటుంది. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ప్రతి పిక్సెల్‌కూ వందకు పైగా తరంగదైర్ఘ్యాల లెక్క రాస్తుంది. ఆ లెక్కను గీత గీస్తే ప్రతి రంగుకూ వేలిముద్ర లాంటి వంపు వస్తుంది. కోబాల్ట్ నీలం 540, 590, 640 నానోమీటర్ల దగ్గర వెలుగును మింగుతుంది. రాగితో వచ్చిన నీలం అలా కాదు, 800 దగ్గర వెడల్పుగా మింగుతుంది. కంటికి రెండూ నీలమే. చిత్రంలో మాత్రం రెండు వేర్వేరు పదార్థాలు. పైగా ఇది పలక మొత్తానికి ఒకేసారి వస్తుంది. గాజును ముట్టుకోనక్కర్లేదు.

బంగారం దుకాణంలో ఉండే పరికరమే

క్యాంటర్‌బరీలో వాడింది ఎక్స్-రే ఫ్లోరోసెన్స్. పేరు కొత్తగా ఉన్నా పని మనకు తెలిసిందే. నగల దుకాణంలో క్యారెట్ మీటర్ కింద గొలుసు పెడితే అందులో బంగారం ఎంత, రాగి ఎంత అని తెర మీద చూపుతుంది కదా, అదీ ఇదే సూత్రం. ఎక్స్-రే తగిలిన మూలకం తనదైన శక్తి గల మరో ఎక్స్-రేను వెనక్కి పంపుతుంది. దాన్ని కొలిస్తే ఏ మూలకం ఎంత ఉందో తెలుస్తుంది.

కిటికీ మీద ఈ పని అంత సులువు కాదు. సీసం పట్టీలు గాజు కంటే ఎత్తుగా ఉంటాయి. పరికరాన్ని ఆనిస్తే ఒక్కో ముక్క దగ్గర ఒక్కో దూరం వస్తుంది, లెక్క తప్పుతుంది. క్యాంటర్‌బరీ బృందం దీనికోసం త్రీడీ ప్రింటర్‌తో ఒక చిన్న తొడుగు చేసుకుంది. దానికి విండోలైజర్ అని పేరు పెట్టారు. అది పట్టీల మధ్య గాజు మీద కూర్చుని దూరాన్ని ఒకేలా ఉంచుతుంది. గాజు పైపొర వానకు పాడై ఉంటుంది కాబట్టి కాస్త లోపలి నుంచి సంకేతం ఇచ్చే బరువైన మూలకాల మీద ఆధారపడ్డారు. ఇసుక, బూడిద ఎక్కడివో, ఏ కాలపు వంటకమో ఆ మూలకాల పాళ్ళు చెబుతాయి. తర్వాతి కాలపు బొమ్మల గాజుతో పోలిస్తే నాతాను బొమ్మ గాజు కూర్పు వేరుగా వచ్చింది. కేవినెస్ కంటితో చెప్పింది నిలబడింది.

ఇదే పరికరాన్ని గాజు మీద వరుస వెంట వరుసగా నడిపిస్తే ఒక్కో మూలకానికి ఒక్కో పటం వస్తుంది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి స్కానింగ్ గాజు పలకల మీద ఎలా పనిచేస్తుందో 2016లో వివరించారు. ఒక పలకలో ఏ ముక్కలు ఒకే కొలిమి నుంచి వచ్చాయి, ఏవి తర్వాత చేరాయి అన్నది ఆ పటం మీద చూడగానే తెలుస్తుంది.

ఆకారాన్ని దాచుకోవడం

రంగు, కూర్పు తర్వాత మూడోది ఆకారం. లేజర్ స్కానింగ్ లక్షల బిందువుల దూరం కొలిచి కట్టడాన్ని కంప్యూటర్‌లో నిలబెడుతుంది. ఫోటోగ్రామెట్రీ అదే పనిని అనేక కోణాల నుంచి తీసిన ఫోటోలతో చేస్తుంది. పలక ఎంత వంగిందో ఇవాళ కొలిచి ఐదేళ్ళకు మళ్ళీ కొలిస్తే, వంపు ఆగిందా పెరుగుతోందా అన్నది తెలుస్తుంది. పెరగకపోతే దాన్ని విప్పాల్సిన పనే లేదు.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్ర్ దామ్ కాలినప్పుడు దీని విలువ ప్రపంచమంతా చూసింది. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు ఆ చర్చిని అంతకు కొన్నేళ్ళ ముందే లేజర్‌తో కొలిచి ఉంచారు. ఆయన 2018లోనే మరణించారు. ఆయన కొలతలు పునర్నిర్మాణానికి ఉపయోగపడ్డాయి. మూడు గుండ్రటి పెద్ద కిటికీలు ఆ మంటల నుంచి బయటపడ్డాయి. పై వరుస కిటికీలను విప్పి, వాటిపై పడ్డ సీసం ధూళిని శుభ్రం చేశారు. వాటిలో నాలుగింటి పని జర్మనీలోని కొలోన్ కేథడ్రల్ పనిశాలలో జరిగింది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లేజర్ కట్టడం ఆకారాన్ని చెబుతుందే గాని గాజు రంగును, గీతను చెప్పదు. కిటికీకి విడిగా చిత్రాలు ఉండాల్సిందే.

చిత్రం చూశాక పని ఎలా మారుతుంది?

యార్క్ మిన్‌స్టర్‌లో తూర్పున ఉన్న పెద్ద కిటికీని జాన్ థార్న్‌టన్ బృందం 1405 నుంచి 1408 వరకు మూడేళ్ళలో చేసింది. అందులో 311 పలకలు. కిటికీ మొత్తం ఒక టెన్నిస్ కోర్టు అంత. దాన్ని విప్పి, బాగుచేసి, తిరిగి పెట్టడానికి పదేళ్ళు పట్టింది. 2018 మొదట్లో చివరి పలక పెట్టారు. మూడేళ్ళలో చేసిన దానికి పదేళ్ళు ఎందుకు? ప్రతి పలకనూ నమోదు చేసి, ఏ ముక్క ఎప్పటిదో చదివి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి కాబట్టి. పని ముగిశాక బయటి వైపు అతినీలలోహిత కిరణాలను ఆపే రక్షణ గాజు అమర్చారు. పగుళ్ళు అతికించిన రెసిన్ ఎండకు పాడవకుండా ఉండడానికి అది.

క్యాంటర్‌బరీలోనే 2018లో మరో ఉదాహరణ బయటపడింది. యాత్రికులు దారిలో వెళ్తున్న ఒక పలకను తర్వాతి కాలపు పనిగా భావించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని దించి సూక్ష్మదర్శిని కింద చూస్తే గాజు చాలావరకు 1180ల నాటిదని తేలింది. కొత్తదనుకుని ఎవరైనా ముందే దాన్ని మార్చేసి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. మధ్యయుగపు గాజు నమోదు కోసం 1952 నుంచి పనిచేస్తున్న కార్పస్ విట్రేఆరుమ్ సంస్థ 2004లో నురెంబర్గ్‌లో సవరించిన నియమాల్లో, పనికి ముందు, పని సాగుతుండగా, ముగిశాక నమోదు ఉండాలని అడుగుతుంది.

యంత్రం అన్నీ చెప్పదు. ఎక్స్-రే లెక్క గాజు వయసును చెబుతుంది గాని, పాత గాజును తర్వాతెవరో తిరిగి వాడి ఉంటే ఆ సంగతి దానికి తెలియదు. అక్కడ గీత తీరు తెలిసిన కన్ను కావాలి. క్యాంటర్‌బరీలో గెలిచింది యంత్రమూ కన్నూ కలిసి.

మన దగ్గర ఉన్నవి

మెదక్ కేథడ్రల్ 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ చుట్టుపక్కల జనానికి పని, తిండి దొరికేలా కట్టించిన చర్చి అది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద కిటికీలు అందులో ఉన్నాయి. వాటిని రూపొందించినది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. పగలు లోపలి నుంచి చూస్తేనే బొమ్మ తెలుస్తుందని, చీకటి పడితే ఏమీ కనిపించదని అక్కడికి వెళ్ళిన వారందరికీ తెలుసు.

ముంబైలో మనవాళ్ళకు దగ్గరి సంబంధం ఉంది. కట్టడం పనులకు తెలుగు నేల నుంచి వలస వెళ్ళిన కామాఠీల పేరు మీదే కామాఠీపుర వెలిసింది. అదే నగరంలో 1878లో పూర్తయిన రాజాబాయి టవర్, దాని పక్కనే విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉన్నాయి. వాటి రంగుల గాజును 2015 నాటికి బాగుచేశారు. మైసూరు ప్యాలెస్ కల్యాణ మంటపం పైకప్పులో నెమళ్ళ గాజు గ్లాస్గో నుంచి వచ్చింది. బెంగళూరు సెయింట్ మేరీస్ బసిలికా కిటికీలను రెండో ప్రపంచ యుద్ధకాలంలో తీసి దాచి, తర్వాత మళ్ళీ అమర్చారు. ఇవి పెద్ద కట్టడాలు, వీటిని చూసేవారున్నారు. చిన్న ఊళ్ళ చర్చిల్లో, పాత బంగళాల్లో, తలుపుల పైన అర్ధచంద్రాకారపు రంగుటద్దాలున్న ఇళ్ళలో ఉన్న గాజుకు ఒక్క చిత్రమూ ఉండకపోవచ్చు.

మనం చేయగలిగింది

హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా మన చేతిలో ఉండదు. కానీ మొదటి మెట్టుకు మంచి కెమెరా, స్టాండ్, ఒక పూట చాలు. సంఘాలు, చర్చి కమిటీలు, ఇంటి యజమానులు ఇలా చేయవచ్చు:

- మబ్బు పట్టిన రోజు ఎంచుకోండి. నేరుగా ఎండ పడితే రంగులు తేడాగా వస్తాయి, వెనుక చెట్ల నీడలు బొమ్మలో కలుస్తాయి.
- కెమెరాను స్టాండ్ మీద, పలకకు ఎదురుగా నిలపండి. ఒకే చోటు నుంచి తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ఎక్స్‌పోజర్లతో తీయండి. ఫ్లాష్ వద్దు.
- లోపలి నుంచి, బయటి నుంచి రెండు వైపులా తీయండి. ఒక ఫోటోలో కొలబద్ద కూడా ఉండాలి.
- పలకలకు పేరు పెట్టండి. నిపుణుల పద్ధతి సులువైనదే. వరుసలకు కింది నుంచి పైకి అంకెలు, నిలువు వరుసలకు ఎడమ నుంచి కుడికి అక్షరాలు. ఫైలు పేరులో అదే రాయండి, తేదీ చేర్చండి.
- ఫోటోలను వాట్సాప్‌లో పంపి అంతటితో వదలకండి. అక్కడ అవి చిన్నవైపోతాయి. అసలు ఫైళ్ళను రెండు చోట్ల, రెండు వేర్వేరు భవనాల్లో దాచండి.
- పాత పెళ్ళి ఫోటోలు వెతకండి. కిటికీ ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలో ఇప్పుడు లేని ముక్క కనిపించవచ్చు.
- పగిలిన ముక్క దొరికితే ఎంత చిన్నదైనా కాగితంలో చుట్టి, ఎక్కడిదో రాసి ఉంచండి. పారేయకండి.
- సబ్బు, యాసిడ్, అమోనియా ద్రవాలతో కడగకండి. గీత మీద టేపు అంటించకండి. గాలి ఆడకుండా ప్లాస్టిక్ కప్పకండి, లోపల తేమ నిలుస్తుంది.

మరమ్మతుకు ఎవరినైనా పిలిచినప్పుడు మొదటి ప్రశ్న ఇదే అడగండి: విప్పే ముందు ఫోటోలు తీస్తారా, తీసి మాకు కాపీ ఇస్తారా? అవసరం లేదు అన్నవారికి ఆ పని అప్పగించవద్దు. గాజు పగిలితే తిరిగి చేయించుకోవచ్చు. కానీ ఏ ముఖం ఎలా ఉండేదో చూపే చిత్రం లేకపోతే చేసేవాడు తనకు తోచిన ముఖం గీస్తాడు. తర్వాతి తరం దాన్నే అసలుదనుకుంటుంది.